వసారాలో అడిగిన ప్రశ్న

నిరుడు రిటైరయ్యాను. విజయవాడలో ఒక చిన్న పరిశోధన సంస్థలో ముప్ఫై ఏళ్ళకు పైగా పనిచేశాను. లోకంలో ఎక్కడో ఏదో జరిగితే, దాని దెబ్బ మన కృష్ణా డెల్టాలో ఎవరి మీద పడుతుందో చూసి చెప్పడం మా పని. పామాయిలు దిగుమతి పన్ను మారినా, బియ్యం ఎగుమతి ఆపినా, ఓడల కిరాయి పెరిగినా ప్రభుత్వంలో ఎవరో ఒకరు ఫోన్ చేసి "మన దగ్గర ఇబ్బంది ఎవరికండీ?" అని అడిగేవారు. మేము ఊళ్ళకు వెళ్ళి, అడిగి, రాసుకొచ్చి, రిపోర్టు తయారుచేసి ఇచ్చేవాళ్ళం.

మొన్న ఆ సంస్థలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు భవానీపురంలో మా ఇంటికి వచ్చారు. ఇద్దరివీ పెద్ద చదువులే. "మేడమ్, మీ అనుభవాలు రాసివ్వండి, మాకు పనికొస్తాయి" అన్నారు. పనికొస్తాయో లేదో నాకు తెలియదు. మోకాళ్ళు పోయాయి, ఓపిక అంతకన్నా ముందే పోయింది. ఏ ఏడు ఏ పదవిలో ఉన్నానో, ఏ సెమినారుకు ఏ దేశం వెళ్ళానో రాయను. వాటివల్ల ఎవరికీ ఒరిగింది లేదు, మా ఇంట్లో అటక మీద రెండు సూట్‌కేసులు తప్ప. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, దాన్ని దిద్దబోయి చేసిన ఇంకా పెద్ద తప్పు గురించి రాస్తాను. రెండు తప్పులూ ఒకే మనిషికి తగిలాయి. ఆవిడ పేరు ఇక్కడ కోటేశ్వరమ్మ అని రాస్తున్నాను. అసలు పేరు అది కాదు, మనిషిని పట్టిచ్చే ఆనవాళ్ళు కూడా మార్చేశాను.

కుర్చీలు

ఈ ఉద్యోగంలో మీ కాలం ఆఫీసులో కన్నా పరాయివాళ్ళ వసారాల్లో, ప్లాస్టిక్ కుర్చీల మీద ఎక్కువ గడుస్తుంది. మన వైపు మర్యాద ఎక్కువ. ఊళ్ళోకి కారు వచ్చి ఆగితే "ఎవరింటికండీ?" అని అడిగి, ఊళ్ళో కాస్త పెద్ద మేడ ఉన్నవాళ్ళింటికి తీసుకెళ్తారు. కుర్చీలు వేస్తారు, ఫ్యాను మన వైపు తిప్పుతారు. మంచినీళ్ళు, ఆ తర్వాత కాఫీ. "మీరెందుకమ్మా ఈ ఎండలో తిరగడం, ఇక్కడికే పిలిపిస్తాం" అంటారు. పిలిపిస్తారు కూడా. వచ్చినవాళ్ళు స్తంభం పక్కన నిలబడి జవాబులు చెబుతారు. ఇంటాయన కుర్చీలోనే ఉంటాడు, అప్పుడప్పుడు వాళ్ళ తరఫున తనే చెప్పేస్తాడు. పూట తిరిగేసరికి ఫారాలన్నీ నిండిపోతాయి. భోజనం కూడా అక్కడే.

మా సంస్థలో సర్వేలు చేసే పద్ధతి మొదటినుంచీ ఇదే. ఎవరూ ఇలా చెయ్యమని చెప్పలేదు, వద్దనీ అనలేదు. పెట్టిన కాఫీ కాదని లేచి, చెరువు గట్ల మీదికి వెళ్ళి అడుగుతామంటే ఇంటాయన నొచ్చుకుంటారని మాకు మొహమాటం. బయటి రాష్ట్రంనుంచి వచ్చినవాళ్ళయితే మొహమాటం లేకుండా లేచి వెళ్ళిపోయేవాళ్ళు. మేము ఇక్కడివాళ్ళం కాబట్టి వెళ్ళలేదు. ఇప్పుడు మీ చేతుల్లో ట్యాబులున్నాయి. ట్యాబు మారింది గాని కుర్చీ అదే.

నేను చేరిన కొత్తలో కొండపల్లి వెళ్ళాం. విదేశాలనుంచి వచ్చే ప్లాస్టిక్ బొమ్మలవల్ల కొయ్యబొమ్మల వాళ్ళకు ఎంత నష్టమో తేల్చమన్నారు. ఒక ముసలాయన ఏనుగు తొండానికి రంగు వేస్తూ, "ప్లాస్టిక్ సంగతి తర్వాతండీ, ముందు నాకు పొణికి కర్ర ఎక్కడ దొరుకుద్దో చెప్పండి" అన్నాడు. అందరూ అడవిలో దొరికే ఆ బొమ్మల కర్ర గురించే మాట్లాడారు. తిరిగొచ్చి రాస్తే అప్పటి మా పై అధికారి ఆ పేజీలు తీసేశాడు. మనకిచ్చిన సబ్జెక్టు దిగుమతులమ్మా, అడవులు కాదు అన్నాడు. సరేనన్నాను. చేరి నాలుగు నెలలే అయింది, ఉద్యోగం కావాలి.

రంగారావుగారు

ఆ తర్వాత చాలా ఏళ్ళు నా మీద డైరెక్టరుగా ఉన్నది రంగారావుగారు. ఆయన చెడ్డవాడు కాదు. ఇప్పుడు చెప్పబోయే సంగతిలో చెడ్డవాళ్ళు ఎవరూ లేరు, నా అలసటకు సగం కారణం అదే. చెడ్డవాడు ఒకడుంటే వాణ్ణి తిట్టుకుని హాయిగా పడుకునేదాన్ని.

రంగారావుగారికి బుర్ర పాదరసం. ఏ దేశంలో ఏ పన్ను ఎంతో నోటికి చెప్పేవారు. ఊళ్ళకు మాత్రం వచ్చేవారు కాదు, దుమ్ము పడదు. "రాజ్యలక్ష్మిగారూ, మీరు వంద పేజీలు తెచ్చినా సెక్రటరీగారు చదివేది ఒక్క వాక్యం. ఆ వాక్యమేదో మీరే రాసి తెండి" అనేవారు. నేను ఆ విద్య బాగా నేర్చుకున్నాను. ఎంత చిక్కు సంగతైనా ఒక్క వాక్యంలో పెట్టడంలో మా ఆఫీసులో నన్ను మించినవాళ్ళు లేరు. ఆ గొప్పతనం ఎంత పని చేసిందో తర్వాత తెలిసింది.

ఊళ్ళలో ఫారాలు నింపేది వీర్రాజు. పెడన నేతగాళ్ళ కుటుంబం. వాళ్ళ నాన్నతోనే మగ్గం ఆగిపోయింది, ఇతను డిగ్రీ చదివి మా దగ్గర చేరాడు. తక్కువ మాట్లాడతాడు, ఎక్కువ చూస్తాడు. ఫారం అంచున పెన్సిలుతో చిన్న అక్షరాల్లో ఏదో రాసేవాడు. ఆ రాతలు కంప్యూటర్లోకి ఎక్కవు కాబట్టి ఆఫీసులో వాటిని ఎవరూ చదవరు. నేనూ చదివేదాన్ని కాదు.

ముసురు పట్టిన మధ్యాహ్నం

కొన్నేళ్ళ కింద ఈక్వడార్ దేశంలో రొయ్యలు విపరీతంగా పండాయి. మన రొయ్య కొనేవాళ్ళు అటు తిరిగారు. ఇక్కడ ధర పడిపోయింది. డెల్టాలో దెబ్బ ఎవరికి ఎంతో చెప్పమన్నారు. మా రిపోర్టు చూసి ఒక పంటకు సరిపడా మేత, సీడు అనే రొయ్యపిల్లలు సాయం చెయ్యాలని ప్రభుత్వం ఆలోచన. అంటే మేము ఎవరి పేరు చెబితే వాళ్ళకు అందుతుందన్నమాట.

గుడివాడ దాటి బంటుమిల్లి వైపు ఒక ఊరికి వెళ్ళాం. ఊరి పేరు రాయను. అక్కడ శివరామయ్యగారిల్లు. ఇదీ మార్చిన పేరే. ఆయన రిటైరైన లెక్చరరు, కాపురం విజయవాడలో. మా పుట్టింటి వైపు దూరపు చుట్టం, బాబాయిగారూ అని పిలుస్తాను. నేను వస్తున్నానని తెలిసి ముందురోజే ఊరొచ్చి, పిన్నిగారిచేత పెసరట్లు వేయించారు. ఆ ఆప్యాయత నటన కాదు.

మధ్యాహ్నానికి ముసురు పట్టింది. వసారాలో కూర్చుని ఒక్కొక్కరినీ పిలిపిస్తున్నాం. కోటేశ్వరమ్మ వచ్చింది. నలభై దాటి ఉంటాయి. చెప్పులు మెట్ల దగ్గర విడిచి స్తంభం పక్కన నిలబడింది.

"మా మూల చెరువు దగ్గర ఉంటారమ్మా, మొగుడూ పెళ్ళామూ. బాగా నమ్మకస్తులు" అన్నారు బాబాయిగారు.

"ఏం పని చేస్తారమ్మా?" వీర్రాజు అడిగాడు.

ఆవిడ నేల చూసింది. "కూలేనండి."

"చెరువు కౌలుకు ఏమైనా చేస్తున్నారా?"

"లేదండి. కూలేనండి."

వీర్రాజు తర్వాతి ప్రశ్న అడుగుతుండగా కరెంటు పోయింది. ఫ్యాను ఆగింది. దూరంగా చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్ల మోత కూడా ఒక్కసారిగా ఆగింది. ముసురు రోజున ఏరేటర్లు ఆగితే నీళ్ళలో గాలి చాలక రొయ్య తేలిపోతుంది. జవాబు సగంలో వదిలేసి కోటేశ్వరమ్మ ఒక్క ఉదుటున మెట్లు దిగి పరుగెత్తింది. చెప్పులు అక్కడే ఉన్నాయి. వాన జల్లులో, బురదలో, చీర మోకాళ్ళదాకా ఎత్తిపట్టుకుని పరుగు.

"కరెంటు పోయినట్టుంది. ఇంకో కప్పు కాఫీ తాగుతావా అమ్మా?" అన్నారు బాబాయిగారు, కుర్చీలోంచి కదలకుండా.

కాసేపటికి జనరేటరు మోత వినిపించింది. కోటేశ్వరమ్మ తిరిగి రాలేదు. నేను రెండో కాఫీ తాగాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో వీర్రాజు అన్నాడు: "మేడమ్, చెరువు ఎవరిదో వాళ్ళు గదండీ పరిగెత్తేది."

నాకూ తెలుసు. ఆ మెట్ల మీద చెప్పులు చూసినప్పుడే తెలుసు. "ఆవిడ ఏం చెప్పిందో అది రాయాలి వీర్రాజూ. మనకు తోచింది రాస్తే సర్వే ఎందుకు?" అన్నాను. మా వృత్తిలో అది మంచి సూత్రమే. ఆ రోజు మాత్రం దాన్ని మొహమాటానికి అడ్డం పెట్టుకున్నాను. బాబాయిగారింట్లో పెసరట్లు తిని, ఆయన మాట అబద్ధమని రాయడం నాకు చేతకాలేదు.

రిపోర్టుకు ఒక్క వాక్యం కావాలి కదా, రాశాను. ధర పడిపోయిన నష్టమంతా చెరువుల యజమానులదేననీ, ఆ ప్రాంతంలో కౌలు సాగు నామమాత్రమనీ. రంగారావుగారు చదివి "శభాష్" అన్నారు. ఆ వాక్యం పైకి వెళ్ళింది, ఫైళ్ళలో తిరిగింది, ఉత్తర్వుల్లో కూర్చుంది. సాయం యజమానుల పేరున వచ్చింది.

ఆవిడ ఆఫీసుకు వచ్చింది

రెండు బస్సులు మారి, అడ్రసు అడుక్కుంటూ కోటేశ్వరమ్మ మా ఆఫీసుకు వచ్చింది. గుర్తుపట్టడానికి నాకు కాస్త సమయం పట్టింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"సాయం కోసం అడగబోతే, మీ ఊళ్ళో కౌలోళ్ళే లేరంట, విజయవాడోళ్ళు రాసిచ్చారు అన్నారండి. రాసింది మీరేనంటగా?"

"మీరే కదమ్మా కూలీ అని చెప్పింది."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఆయన ముందు ఇంకేం చెప్తానండీ?"

అప్పుడు ఆవిడ నిలబడే చెప్పింది. మొదట ఇద్దరూ పట్టుబడి ముఠాలో ఉండేవాళ్ళు, అంటే వలలేసి రొయ్యలు పట్టే కూలీల గుంపు. మెడలోతు నీళ్ళలో పని. పదేళ్ళు అలా చేశాక మురుగు కాలవ పక్కనున్న ఆ మూల చెరువు, ఎవరికీ అక్కర్లేనిది, నోటిమాట మీద కౌలుకు తీసుకున్నారు. కాగితం లేదు. మన వైపు కాగితం రాయరు. కౌలుదారు పేరు కాగితం ఎక్కితే భూమి మీద హక్కు అడుగుతాడని యజమానికి భయం. అందుకే బయటివాళ్ళు ఎవరొచ్చి అడిగినా "కూలీ" అని చెప్పాలి. ఒప్పందంలో అదీ ఒక భాగం, చెరువుతోపాటు ఆ జవాబు కూడా కౌలుకు వస్తుంది.

"వచ్చే పంటకు సీడు పడకపోతే చెరువు వదులుకోవాలండి. మళ్ళీ ముఠాలోకి పోవాలి. ఆయనకు నడుం పట్టేసింది, ఇప్పుడు నీళ్ళల్లో నిలబడలేడు. ఆ చెరువు ఒక్కటే అండి మాకు."

నాకు తల కొట్టేసినట్టయింది. "నేను సరిచేస్తాను కోటేశ్వరమ్మా" అన్నాను.

"నా పేరు రాకుండా చూడండమ్మా. పేరు రాకపోతే చాలు."

"ఎక్కడా రాదు" అన్నాను. మాటిచ్చాను.

పేరు మార్చాను

వీర్రాజూ నేనూ ఈసారి కారు లేకుండా బస్సులో వెళ్ళాం. పొద్దున మేత వేసే వేళకు గట్ల మీద ఉన్నాం. ఆ వేళప్పుడు చెరువు దగ్గర ఉండేది చేసుకునేవాళ్ళే, యజమానులు రారు. మేము కూలీలని రాసుకొచ్చిన మనుషుల్లో చాలామంది కౌలుదారులే. వీర్రాజు పాత ఫారాలు తెచ్చాడు. అంచున అతను పెన్సిలుతో రాసుకున్నవన్నీ ఆ రోజు మొదటిసారి చదివాను. సిగ్గేసింది.

రంగారావుగారు ఒప్పుకోలేదు. "మనం చెప్పింది తప్పని మనమే అంటే రేపు మన మాట ఎవరు వింటారండీ? ఇంకో స్టడీలో చూసుకుందాం." ఆయనతో నా జీవితంలో గొంతు పెంచి మాట్లాడింది అదొక్కసారే. "ఇంకో స్టడీ వచ్చేలోగా వాళ్ళ చెరువులు పోతాయండీ" అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. నాలుగో రోజు పిలిచి, "సవరణ వేద్దాం. కానీ ఉత్త అంకెలు వేస్తే ఎవరూ కదలరు. ఒక మనిషి కథ పెట్టండి, బాక్సు కట్టి" అన్నారు.

నిజమే చెప్పారు. అంకెలు చదివి ఎవరూ కదలరు. నేను కోటేశ్వరమ్మ కథ రాశాను. పేరు మార్చాను, ఊరి పేరు తీసేశాను. మిగతాదంతా ఉంచాను. పట్టుబడి ముఠాలోంచి వచ్చిన ఆడమనిషి, మురుగు కాలవ పక్కన మూల చెరువు, నడుం పట్టేసిన భర్త, విజయవాడలో ఉండే రిటైరైన లెక్చరరు. ముసురులో చెప్పులు వదిలేసి పరుగెత్తడం కూడా రాశాను. అది రాసేటప్పుడు నాకు కళ్ళు చెమర్చాయి. బాగా వచ్చిందని గర్వపడ్డాను కూడా, ఇప్పుడు దాచడం ఎందుకు? ఆవిడకు చదివి వినిపించాలని తోచలేదు. పేరు లేదు కదా, మాట నిలబెట్టుకున్నాననే అనుకున్నాను.

సవరణ పని చేసింది. అధికారులు కదిలారు. వేరే మండలాల్లో కొంతమంది కౌలుదారులకు సాయం అందిందని తర్వాత విన్నాను. ఆ బాక్సును ఒక పత్రికవాళ్ళు జిల్లా పేజీలో యథాతథంగా వేసుకున్నారు.

నూజివీడు రసాలు

వారం తిరక్కముందే శివరామయ్య బాబాయిగారు మా ఇంటికి వచ్చారు. చేతిలో నూజివీడు రసాల బుట్ట. కోపంగా ఉంటారనుకున్నాను. లేరు. సోఫాలో కూర్చుని, కండువాతో మొహం తుడుచుకుని, చొక్కా జేబులోంచి మడతపెట్టిన పత్రిక కాగితం తీశారు.

"బాగా రాశావమ్మా. చదువుతుంటే పిన్నికి కూడా కళ్ళనీళ్ళు వచ్చాయి."

నేను నిలబడే ఉన్నాను.

"పేరు మార్చావు. కానీ కాలవ పక్కన మూల చెరువు, ముఠాలోంచి వచ్చిన ఆడమనిషి, రిటైరైన లెక్చరరు అన్న తర్వాత ఇంక పేరెందుకమ్మా? మావూళ్ళో టీకొట్టు దగ్గర చిన్నపిల్లలు కూడా నా వైపు చూసి నవ్వుతున్నారు. అదైనా పోనీ. రేపు ఆవిడో, ఆవిడ తరఫున ఇంకెవరో ఈ కాగితం పట్టుకుని వస్తే? నా పిల్లలకు కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక లేదు. ఈ పట్టుబడి కాగానే ఖాళీ చేసెయ్యమన్నాను."

"బాబాయిగారూ, ఆవిడ ఏమీ అడగలేదు. రాసింది నేను."

"తెలుసమ్మా. అందుకే నీకు చెప్పడానికి వచ్చాను. ఆవిడ మీద నాకు కోపం లేదు. మంచి మనిషి."

అప్పుడైనా నేను గట్టిగా అడగాల్సింది. కాళ్ళు పట్టుకోవాల్సింది, లేదా పోట్లాడాల్సింది. నేనేం చేశానో తెలుసా? కాఫీ ఇచ్చాను. పిన్నిగారి మోకాలి ఆపరేషన్ ఎలా జరిగిందని అడిగాను. వెళ్ళేటప్పుడు గేటుదాకా వెళ్ళి సాగనంపాను. ఇంట్లోకి వచ్చి ఆ పళ్ళ బుట్ట చూశాను. నా మీద నాకే ఒళ్ళు మండింది. పళ్ళు పక్క ఫ్లాటువాళ్ళకు పంచేశాను, ఒక్కటీ ముట్టలేదు. అదేదో పెద్ద శిక్ష అయినట్టు.

కోటేశ్వరమ్మకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. ఊరికి వెళ్ళడానికి మొహం చెల్లలేదు. రెండు నెలల తర్వాత వీర్రాజు అటు వెళ్ళి వచ్చి చెప్పాడు. ఆవిడ మళ్ళీ పట్టుబడి ముఠాలో చేరింది. తెల్లారకముందే ఆటోలో వెళ్తోంది. భర్త ఇంటి దగ్గరే ఉంటున్నాడు. మూల చెరువు ఖాళీగా పడి ఉంది.

నా సవరణవల్ల బాగుపడినవాళ్ళు ఉన్నారు, వాళ్ళ పేర్లు నాకు తెలియవు. నష్టపోయిన మనిషి పేరు తెలుసు. రంగారావుగారు ఒకసారి నన్ను కూర్చోబెట్టి, అందరినీ కలిపి చూసుకుంటే మంచే ఎక్కువ జరిగిందండీ అని ఓదార్చారు. ఆ మాట అబద్ధం కాదు, కానీ నాకది ఎక్కలేదు.

ఇక మీకు

నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెబుతాను. కాఫీ తాగండి, కానీ పని అయ్యాక తాగండి. గట్టు మీదికి మేత వేళకు వెళ్ళండి, ఇంటాయన నొచ్చుకుంటే నొచ్చుకుంటాడు. మీ దగ్గర వీర్రాజులాంటి వాడు ఉంటే ఫారం అంచులు మీరే చదవండి. ఒక మనిషి కథ రాసి బాక్సు కట్టేముందు, అది ఆ ఊరి టీకొట్టు దగ్గర చదివితే ఆ మనిషి దొరికిపోతుందేమో ఆలోచించండి. దొరికిపోయేట్టయితే ఎంత బాగా వచ్చినా తీసెయ్యండి. అన్నిటికన్నా ముందు, ఎవరి గురించి రాశారో వాళ్ళకు చదివి వినిపించండి. వాళ్ళు వద్దంటే మీ రిపోర్టు పేలవంగా ఉంటుంది. ఉండనివ్వండి.

ఇవన్నీ పాటించినా సరిపోతుందని మాత్రం నేను చెప్పలేను. ఎందుకో చెప్పి ముగిస్తాను.

కిందటేడు, గట్టు మీద

నేను రిటైరవడానికి కొద్ది నెలల ముందు అమెరికా మన రొయ్యల మీద సుంకం పెంచింది. మళ్ళీ అదే ఫోన్, అదే ప్రశ్న. ఈసారి నా మాటే చెల్లింది. వసారాలు లేవు, కుర్చీలు లేవు. పొద్దున్నే గట్ల మీద, ఒక్కొక్కరితో విడిగా మాట్లాడాలని రాసిపెట్టాను. ఆ ఊరికి నేనే వెళ్ళాను. వెళ్ళక తప్పదనిపించింది.

కోటేశ్వరమ్మ ఒక చిన్న చెరువు గట్టు మీద కనిపించింది. కాలవకు అవతల వైపు, ఇంకో యజమానిది. మేత బస్తా విప్పుతోంది. జుట్టు బాగా నెరిసింది. నన్ను చూసి చెయ్యి ఆపింది. తిడుతుందనుకున్నాను. "ఎండలో వచ్చారేంటమ్మా?" అని, ఖాళీ మేత బస్తా ఒకటి మడిచి గట్టు మీద పరిచింది. కూర్చున్నాను.

"నన్ను క్షమించు కోటేశ్వరమ్మా" అన్నాను. ఎన్నాళ్ళుగానో లోపల ఉన్న మాట.

"అయిపోయిందిలెండి" అంది. మేత చల్లి వచ్చి నా పక్కన కాస్త దూరంగా కూర్చుంది. ముఠాలో మూడేళ్ళు చేసి, ఈ చెరువు పట్టిందట. ఇది రెండో పంట. రొయ్య బాగానే పెరుగుతోంది, కానీ సుంకం మాట వచ్చినప్పటినుంచి కొనేవాడు ధర చెప్పడం లేదు. ఈ పంట పోతే ఇంకో చెరువు ఇచ్చేవాళ్ళు లేరు. అవన్నీ నెమ్మదిగా, నాకు అర్థమయ్యేట్టు చెప్పింది.

నేను ఫారం తీశాను. ఈసారి కౌలుదారులకు సాయం వచ్చే అవకాశం నిజంగానే ఉందని, పేరూ ఊరూ ఆనవాళ్ళూ ఏవీ పైకి వెళ్ళవని, బాక్సులు కట్టడం నేనే మాన్పించేశానని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది.

"ఏం పని అని రాయమంటావు?"

"కూలీ అని రాయండమ్మా."

చుట్టూ చూశాను. గట్టు మీద ఎవరూ లేరు. వీర్రాజు కూడా దూరంగా ఇంకో చెరువు దగ్గర ఉన్నాడు. "ఇక్కడ యజమాని లేడు కోటేశ్వరమ్మా. ఎవరూ లేరు. నాతో నిజం చెప్పడానికి ఏం భయం?"

ఆవిడ నా చేతిలో ఉన్న పెన్ను వైపు చూసింది. గొంతులో కోపం లేదు, నిష్ఠూరం కూడా లేదు.

"మీరున్నారు గదండీ" అంది.

కూలీ అని రాశాను.